బ్రిటిష్ మొహమాటం: కెటిల్ స్విచ్ నుంచి పబ్ కౌంటర్ దాకా

నమస్కారం అండీ. మొహమాటం మన సొత్తు అనుకుంటాం కదా, బ్రిటన్‌లో నాలుగు నెలలుంటే ఆ ధీమా కాస్తా పోతుంది. మన దగ్గర తప్పు చేస్తే పక్కింటి పిన్నిగారైనా మొహం మీద చెప్పేస్తారు. ఇక్కడ ఎవరూ నోరు విప్పరు, మహా అయితే నాలుక అంగిటికి తగిలించి చిన్నగా ‘ట్చ్’ అంటారు. అందుకే సెప్టెంబర్‌లో దిగే స్టూడెంట్స్‌కి, పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకి, ఇక్కడివాళ్ళు మొహమాటానికి చెప్పకుండా వదిలేసే సంగతులు ఈ వీడియోలో.

ముందు వంటింట్లోకి వెళ్దాం. ఇదిగో కెటిల్. మీట నొక్కినా వేడెక్కకపోతే పాడైందనుకోకండి, గోడ మీద ప్లగ్ పక్కనున్న స్విచ్ చూడండి. ఆన్‌లో ఉంటే దాని అంచున ఎర్ర గీత కనిపిస్తుంది. అదీ ఆన్‌లోనే ఉందంటే ఇక ప్లగ్ లోపలి ఫ్యూజ్. ఇక్కడ ప్రతి ప్లగ్‌లోనూ ఒక ఫ్యూజ్ ఉంటుంది. కెటిల్‌కి 13 ఆంపియర్లది, టేబుల్ లాంప్ లాంటివాటికి 3 ఆంపియర్లది. ఈ కెటిల్ సుమారు 3 కిలోవాట్లు లాగుతుంది, లీటరు నీళ్ళు రెండు నిమిషాల్లో తెర్లిపోతాయి. అందుకే ఇక్కడ టీ అంటే ఆలోచించేలోపే అయిపోయే పని.

దీంట్లో పాలు పోసి టీ కాచేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. కెటిల్ తనంతట తాను ఆగేది ఆవిరి వల్ల. మరిగినప్పుడు పుట్టిన ఆవిరి వెనక సందులోంచి వెళ్ళి అక్కడున్న లోహపు బిళ్ళకి తగులుతుంది, ఆ వేడికి బిళ్ళ వంగి స్విచ్ పడిపోతుంది. పాలు ఆవిరి కంటే ముందు నురగై పొంగుతాయి, ఆ నురగ స్విచ్‌లోకే పోతుంది, అడుగు మాడుతుంది. మూత తెరిచి ఉంచినా అంతే, ఆవిరి బిళ్ళ దాకా చేరక కెటిల్ ఆగకుండా కాగుతూనే ఉంటుంది. లండన్, దాని చుట్టుపక్కల నీళ్ళలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, టీ మీద తెట్టు తేలుతుంది. నెలకోసారి లీటరు నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి వేడిచేసి అరగంట వదిలేయండి. కడిగాక ఒకసారి మంచినీళ్ళు కాచి పారబోస్తే చాలు.

ఇక వాళ్ళ టీ. మగ్గులో బ్యాగు, దానిమీద అప్పుడే మరిగిన నీళ్ళు, మూడు నాలుగు నిమిషాలు ఆగి బ్యాగు తీసేసి, ఆఖర్న పాలు. పాలు ముందు పోస్తే నీళ్ళ వేడి తగ్గిపోయి బ్యాగులోంచి రంగు దిగదు. సరిగ్గా టీ పెట్టడమెలాగో చెప్పడానికి బ్రిటిష్ ప్రమాణాల సంస్థ 1980లో బీఎస్ 6008 అని ఒక ప్రమాణమే అచ్చేసింది. 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు నానాలి అని అందులో రాశారు. రుచి పరీక్షలు చేసేవాళ్ళ కోసం తయారైన పత్రం అది, వంటింటికి కాదు. అయినా 1999లో దానికి ఇగ్ నోబెల్ (నోబెల్‌ని అనుకరిస్తూ నవ్వు తెప్పించే పనులకిచ్చే సరదా బహుమతి) ఇచ్చి సరదాపడ్డారు. పాల డబ్బా మూతలు గుర్తుపెట్టుకోండి: నీలం వెన్న తీయనివి, ఆకుపచ్చ సగం తీసినవి, ఎరుపు పూర్తిగా తీసినవి. మన అల్లం టీకి నీలం మూతే. ఎర్ర మూత పాలతో ఎంత కాచినా చిక్కదనం రాదు.

ఆఫీసులో టీకి ఇంకో మర్యాద ఉంది. మీ ఒక్కరికే పెట్టుకుని వచ్చి కూర్చోకూడదు. లేచేముందు చుట్టూ ఉన్నవాళ్ళని ‘ఎనీవన్ ఫర్ టీ?’ అని అడగాలి. అడిగితే ఎవరికి ఎంత రంగు, చక్కెర ఎన్ని చెంచాలు అన్నది గుర్తుంచుకోవాలి. రోజూ ఇతరులు ఇచ్చింది తాగుతూ మీరు ఒక్కసారీ లేవకపోతే ఎవరూ ఏమీ అనరు, కానీ అందరి మనసులోనూ లెక్క ఉంటుంది. షెల్ఫ్‌లో కనిపించిన మగ్గు తీసుకునేముందు కూడా అడగండి, చాలా ఆఫీసుల్లో ప్రతి మగ్గుకీ ఒక సొంతదారు ఉంటారు.

బాత్‌రూమ్‌లో కొత్తవాళ్ళు లైటు స్విచ్ కోసం గోడలు తడుముతారు. అది పైకప్పు నుంచి వేలాడే తాడు. తడిచేతులకి మామూలు స్విచ్ అందకూడదనే ఈ ఏర్పాటు. నిటారుగా, మెల్లగా ‘టిక్’ అనేదాకా లాగి వదిలేయాలి, పక్కకి గుంజితే తాడు ఊడి చేతికొస్తుంది. కొన్ని ఇళ్ళలో రెండో తాడు ఉంటుంది, అది ఎలక్ట్రిక్ షవర్‌ది. పైన చిన్న ఎర్ర దీపం వెలిగితేనే వేడినీళ్ళు. షవర్ పాడైందని చన్నీళ్ళు పోసుకునేవాళ్ళలో చాలామంది చూడనిది ఆ తాడే.

అయితే వికలాంగుల కోసం ఉన్న టాయిలెట్‌లో నేల దాకా వేలాడే ఎర్ర తాడు మాత్రం లైటుది కాదు! అది ప్రమాద ఘంటిక. కిందపడినవాళ్ళకి అందాలని అంత పొడుగు పెడతారు, పట్టుకోవడానికి దానికి రెండు ఎర్ర రింగులు ఉంటాయి. పొరపాటున లాగేస్తే కంగారు పడకండి, గోడ మీద రీసెట్ అని ఉన్న బటన్ నొక్కండి. తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్ళకి ఒక ‘సారీ’ చెప్పండి. ఆ తాడు చిక్కుకుని పైకి ముడేసి కనిపిస్తే విప్పి కిందకి వదలడం మాత్రం మంచి పని.

పాత ఇళ్ళలో వేడికొకటి, చల్లకొకటి వేరుగా ఉన్న కుళాయిలు చూసి నవ్వుకుంటాం. ఒకప్పుడు చల్లనీళ్ళు మెయిన్ పైపు నుంచి నేరుగా, వేడినీళ్ళు అటకమీది ట్యాంకు నుంచి వచ్చేవి. ఆ రెండూ కలిసిపోకూడదని వేరుగా పెట్టేవారు. తాగడానికి వంటింటి చల్లకుళాయి నీళ్ళే పట్టుకోండి. మొహం కడుక్కోవాలంటే బేసిన్‌కి బిరడా పెట్టి రెండూ కలిపి నింపుకోవడమే.

బయటికొస్తే క్యూ. దీని గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క ఉదాహరణ. 2022 సెప్టెంబర్‌లో ఎలిజబెత్ రాణి పార్థివదేహం చూడటానికి థేమ్స్ ఒడ్డున సౌత్‌వార్క్ పార్క్ దాకా వరుస కట్టారు. అందరి చేతికీ ఒక పట్టీ వేశారు, కాఫీకో టాయిలెట్‌కో వెళ్ళి మళ్ళీ తమ చోటికి రావచ్చు. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ కూడా పన్నెండు గంటలకి పైగా అందులోనే నిలబడ్డాడు.

ఇంతకంటే గమ్మత్తు పబ్‌లో. అక్కడ వరుస కనపడదు, కానీ ఉంటుంది. కూర్చుంటే చాలా పబ్‌లలో ఎవరూ రారు, కౌంటర్ దగ్గరికి మీరే వెళ్ళాలి. వెళ్ళగానే మీకంటే ముందున్నవాళ్ళెవరో ఒకసారి చూసుకోండి. బార్‌లో పనిచేసే మనిషి కళ్ళు మీ కళ్ళతో కలిశాయా, చాలు, మీరు లెక్కలోకి వచ్చినట్టే. డబ్బు ఊపడం, చిటికె వేయడం, ‘హలో’ అని పిలవడం చేస్తే మీ వంతు ఇంకా వెనక్కి పోతుంది. పొరపాటున మీ వంతు ముందొస్తే పక్కాయన్ని చూపించి ఆయన నాకంటే ముందొచ్చారని చెప్పండి. ఆ ఒక్క మాటకి వచ్చే గౌరవం టిప్‌కి రాదు. టిప్ ఇవ్వాలనిపిస్తే ‘అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్’ అంటారు, అంటే మీ పేరున కూడా ఒకటి తీసుకోండి అని.

నలుగురు కలిసి వెళ్తే రౌండ్ పద్ధతి. ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారు. మూడు విడతలు తాగి మీ వంతు రాకముందే కోటు వేసుకుంటే ఎవరూ అడగరు, మళ్ళీ పిలవరు కూడా. మద్యం తాగనివాళ్ళు లైమ్ అండ్ సోడా అడగొచ్చు, ఎవరూ వింతగా చూడరు. త్వరగా వెళ్ళాల్సి ఉంటే మొదటి రౌండ్ మీరే కొనేయండి. ఖర్చు భరించలేమనుకుంటే ‘నాది నేను తెచ్చుకుంటా’ అని మొదట్లోనే చెప్పేయండి, మధ్యలో చెప్తేనే ఇబ్బంది.

బస్సులో లండన్ పద్ధతి వేరు, తక్కిన ఊళ్ళ పద్ధతి వేరు. లండన్‌లో మధ్య తలుపులోంచి దిగిపోతారు కాబట్టి డ్రైవర్‌కి చెప్పేది తక్కువ. ముందు తలుపే ఉన్న ఊళ్ళలో దిగే ప్రతి ఒక్కరూ థ్యాంక్యూ చెప్తారు, బ్రిస్టల్‌లో అయితే ‘చీర్స్ డ్రైవ్’. లండన్ బస్సులో 2014 నుంచి నగదు తీసుకోరు. కార్డు ఎక్కేటప్పుడే తాకించాలి, దిగేటప్పుడు అక్కర్లేదు. ట్యూబ్‌లో, అంటే లండన్ మెట్రో రైల్లో మాత్రం రెండుసార్లూ తాకించాలి, మర్చిపోతే ఎక్కువ చార్జీ పడుతుంది.

మాటల దగ్గర రెండు చిక్కులు. ‘ఆల్‌రైట్?’ అని అడిగితే ఒంట్లో బాలేదా అన్న అర్థం కాదు, పలకరింపు. ‘నాట్ టూ బ్యాడ్, యూ?’ అంటూ నడుస్తూనే జవాబిస్తే చాలు, ఆగి మోకాళ్ళ నొప్పులు చెప్పనక్కర్లేదు. ‘ఎప్పుడైనా మా ఇంటికి భోజనానికి రావాలి’ అన్నది తేదీ చెప్పేదాకా పిలుపు కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లో ‘టీ’కి రమ్మంటే చాలా ఇళ్ళలో అది సాయంత్రం భోజనం, కడుపు నింపుకుని వెళ్ళకండి. వెళ్ళాక వడ్డనలో మన ‘వద్దండీ వద్దండీ’ పనిచేయదు. రెండోసారి వద్దంటే గిన్నె నిజంగానే లోపలికి పోతుంది. ఆకలిగా ఉంటే మొదటిసారే ‘యెస్ ప్లీజ్’.

లేవాల్సిన వేళ ఎలా తెలుస్తుందంటారా? ఆతిథ్యమిచ్చినాయన రెండు చేతులతో తొడల మీద చరుచుకుని ‘రైట్…’ అంటాడు. మన ‘సరే మరి’ అన్నమాట. అప్పుడు లేవండి. గుమ్మం దగ్గర ఇంకో పది నిమిషాల మాటలుంటాయి, అది మన ఊళ్ళో లాగే. కారు మలుపు తిరిగేదాకా వాళ్ళు చెయ్యి ఊపుతారు, మీరూ ఊపండి. మర్నాడు పొద్దున ‘థ్యాంక్స్ ఫర్ హావింగ్ అస్’ అని ఒక మెసేజ్ పెట్టండి. మధ్యాహ్నం దాటకుండా పెడితే మంచిది.