బేజారు ఎవరికి, ఎంత?

శ్రోతలందరికీ నమస్కారం.

ఉద్యోగానికనో చదువుకనో బెంగళూరు వచ్చిన తెలుగువాళ్లకు మొదటి నెలలోనే ఒక మాట ఎదురవుతుంది. ఇంటి ఓనరమ్మ తలుపు కొట్టి, రేపు ట్యాంకు కడిగిస్తున్నామనీ, పొద్దున నీళ్లు రావనీ చెప్పి, "బేజార్ మాడ్కోబేడి" అంటుంది. ఒక్కపూట నీళ్లు రాకపోతేనే బేజారెత్తిపోతామా అని మనకు అనుమానం. ఆవిడ అన్నది 'ఏమీ అనుకోకండి' అని, అంతే.

బేజారు పారసీ మాట. ఇక నావల్ల కాదు, వద్దు అనేంతగా విసిగినవాడు, ఏవగింపు పుట్టినవాడు అని అసలు అర్థం. ఉర్దూలో 'జిందగీ సే బేజార్' అంటే బతుకు మీదే విరక్తి కలిగినవాడు. కుతుబ్‌షాహీలూ నిజాములూ ఏలిన నేల కాబట్టి అర్జీ, జవాబు లాగే ఇదీ మన నోట్లో పడింది. బెంగళూరు కూడా 1638లో బీజాపూరు సుల్తానుల చేతికి వెళ్లింది; ఆ తర్వాత టిప్పు కొలువులోనూ పారసీ నడిచింది.

మన దగ్గర ఆ మాటలో ఘాటు ఇంకా అలాగే ఉంది. 'వానలకు జనం బేజారు' అని పేపర్లో పడిందంటే వీధుల్లో మోకాలి లోతు నీళ్లున్నట్టే. కన్నడంలో అది బాగా మెత్తబడింది. ఆదివారం మధ్యాహ్నం ఏమీ తోచకపోతే బేజారు. స్నేహితుడు పెళ్లికి పిలవకపోతే బేజారు. వరసగా మూడోరోజూ అదే కూరైతే అదీ బేజారే. ఈ చివరిదానికి మనకు వెగటుంది, మొహం మొత్తడం ఉంది. వాటి జోలికి బేజారు రాదు.

ఇంకో తేడా ఉంది. తెలుగులో మనిషే బేజారైపోతాడు. కన్నడంలో "నంగె బేజారాగిదె" అంటారు, అంటే 'నాకు బేజారయింది' అని. మనకు ఆకలి వేసినట్టు, నిద్ర వచ్చినట్టు అన్నమాట. నా మట్టుకు నాకు ఈ వాడుకే నచ్చుతుంది. వచ్చింది కాబట్టి పోతుందన్న భరోసా ఉంది అందులో.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు తెలుగులోనూ ఆ అచ్చే పోస్తారు. "తాతయ్యా, నాకు బేజారుగా ఉంది" అని మనవడు అంటే, అనంతపురం నుంచి వచ్చిన పెద్దాయన "ఎవరేమన్నార్రా నిన్ను?" అని కంగారుగా లేచి కూర్చుంటాడు. వాడి బాధల్లా కరెంటు పోయి టీవీ ఆగిపోవడమే.