బీజింగ్ ఒలింపిక్స్ ముందు రెండు పొగలపై పోరు

[తెరపై: 2008 నాటి బీజింగ్, వాహనాల బారులు, మసకబారిన ఆకాశం]

2008 ఆగస్టు 8న బీజింగ్‌లో ఒలింపిక్స్ మొదలవడానికి కొన్ని నెలల ముందే, మారథాన్‌లో ప్రపంచ రికార్డు తన పేరిట ఉన్న ఇథియోపియా వీరుడు హైలే గెబ్రెసెలాసీ, ఉబ్బసం ఉన్న తాను అక్కడి కలుషిత గాలిలో అంత దూరం పరుగెత్తలేనని చెప్పి, 10,000 మీటర్ల పరుగుకే పరిమితమయ్యారు.

[తెరపై: ఆసుపత్రి ద్వారం వద్ద ధూమపాన నిషేధ ఫలకం]

బయటి కాలుష్యం ఒక పొగ అయితే, రెండోది సిగరెట్ పొగ. 2008 మే 1 నుంచి బీజింగ్‌లోని ఆసుపత్రులు, పాఠశాలలు, ప్రభుత్వ కార్యాలయాల్లో ధూమపానాన్ని నిషేధించారు. రెస్టారెంట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టు సడలించి, పొగ తాగేవారిని వేరుగా కూర్చోబెడితే చాలన్నారు. ఒకే హాల్లో బల్లలను విడదీయగలరు గానీ గాలిని విడదీయలేరు. పైగా, నిబంధన మీరిన వ్యక్తికి జరిమానా 10 యువాన్లే.

[తెరపై: షౌగాంగ్ ఉక్కు కర్మాగారం]

బయటి గాలి విషయంలో ఇంత మెతకదనం చూపలేదు. జూలై 20 నుంచి సెప్టెంబరు 20 వరకు కార్లకు సరి-బేసి విధానం (నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి రోజు విడిచి రోజు నడపడం) అమలు చేశారు, షౌగాంగ్ ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తిని బాగా తగ్గించారు, నిర్మాణ పనులను ఆపించారు. గాలి శుభ్రపడటానికి వర్షాలూ కొంత తోడ్పడ్డాయన్నది నిజమే.

[తెరపై: రక్త నమూనాల గాజు గొట్టాలు]

నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనది ఆ రోజుల్లో జరిగిన వైద్య పరిశోధన. ఆరోగ్యంగా ఉన్న 125 మంది యువ వైద్యులను ఒలింపిక్స్‌కు ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత పరీక్షించగా, గాలి శుభ్రపడినప్పుడు రక్తం గడ్డకట్టడానికి సంబంధించిన కొన్ని సూచికలు మెరుగుపడ్డాయని, ఆంక్షలు ఎత్తివేశాక వాటిలో చాలావరకు మళ్లీ మొదటికొచ్చాయని తేలింది. 2015లో వెలువడిన మరో అధ్యయనం ప్రకారం, తల్లి కడుపులో ఎనిమిదో నెల ఆ ఒలింపిక్స్ కాలంలో గడిచిన శిశువులు, 2007, 2009 సంవత్సరాల్లో అవే తేదీల్లో ఆ నెల గడిచిన శిశువుల కన్నా సగటున 23 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. ఏ మందూ ఇవ్వలేదు, ఏ చికిత్సా చేయలేదు. కొన్ని వారాల పాటు తల్లులు పీల్చిన గాలి మారింది, అంతే.

[తెరపై: రెస్టారెంట్ లోపలి దృశ్యం]

2008లో వదిలేసిన రెస్టారెంట్ల వంతు ఏడేళ్ల తర్వాత గానీ రాలేదు. 2015 జూన్ 1న బీజింగ్ అన్ని రెస్టారెంట్లు, కార్యాలయాలు సహా నాలుగు గోడల మధ్య ఉన్న బహిరంగ ప్రదేశాలన్నింటిలో ధూమపానాన్ని నిషేధించి, వ్యక్తులకు గరిష్ఠ జరిమానాను 200 యువాన్లకు పెంచింది. కార్లపై ఆంక్షల్లా దీనికి ముగింపు తేదీ పెట్టలేదు.