ద్వారసిర చెప్పే కథ: పేగుకూ కాలేయానికీ మధ్య

సభకు నమస్కారం.

బడి పుస్తకాల్లో జీర్ణవ్యవస్థ బొమ్మ అందరం చూసినదే. నోటి దగ్గర మొదలై అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, పెద్దపేగుల మీదుగా ఒక గొట్టం సాగుతుంది. పక్కన కాలేయాన్ని గీసి, పైత్యరసాన్ని స్రవించే గ్రంథి అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు గాని, అందులో తరచుగా వదిలేసే రక్తనాళం ఒకటుంది. దాన్ని ద్వారసిర అంటారు. ఆసుపత్రుల్లో పోర్టల్ వెయిన్ అన్న మాటే వినిపిస్తుంది. ఈ నాళాన్ని అర్థం చేసుకుంటే పేగూ కాలేయమూ వేరువేరు పాఠాలు కావని తెలుస్తుంది.

శరీరంలో తక్కిన చోట్ల సిరలు రక్తాన్ని గుండె వైపే తీసుకుపోతాయి. జీర్ణాశయం, పేగులు, క్లోమం, ప్లీహాల నుంచి వచ్చే రక్తం మాత్రం ద్వారసిరలో కలిసి ముందుగా కాలేయంలోకి వెళ్తుంది; అక్కడ మళ్లీ అతి సన్నని నాళికలుగా చీలి, కాలేయ కణాల వరుసల మధ్య నుంచి పారి, ఆ తర్వాతే గుండెను చేరుతుంది. కాలేయానికి నిమిషానికి అందే దాదాపు లీటరున్నర రక్తంలో ముప్పాతిక వంతు ఈ దారినే వస్తుంది. అంటే పేగు గ్రహించినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి అడుగుపెట్టే ముందు ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు దాటినట్టు కాలేయాన్ని దాటాలి.

ముద్దపప్పు, నెయ్యి కలిపిన అన్నాన్నే తీసుకుందాం. అన్నం ముద్దను కాస్త ఎక్కువసేపు నమిలితే తియ్యదనం తెలుస్తుంది. లాలాజలంలోని ఎమైలేజ్ పిండిపదార్థాన్ని అప్పుడే చక్కెరగా విడగొట్టడం మొదలుపెట్టిందన్నమాట. జీర్ణాశయంలోని ఆమ్లం ఆ పనిని ఆపేసి, పప్పులోని మాంసకృత్తుల మీద పెప్సిన్‌కు పని కల్పిస్తుంది. జీర్ణక్రియ అనగానే చాలామంది పొట్ట మీద చెయ్యి వేస్తారు గాని, అసలు పని జరిగేది ఆ తర్వాతే. జీర్ణాశయాన్ని శస్త్రచికిత్సతో పూర్తిగా తీసేసినవారు కొద్దికొద్దిగా తింటూ, బి12 ఇంజెక్షన్లు తీసుకుంటూ జీవించగలుగుతున్నారు. చిన్నపేగు పూర్తిగా లేకపోతే మాత్రం నోటితో తిన్న తిండి మీదే బతకడం సాధ్యం కాదు.

సుమారు 6 మీటర్ల పొడవుండే ఆ చిన్నపేగు మొదటి భాగం ఆంత్రమూలం. నెయ్యి తగలగానే దాని గోడలోని కణాలు ఒక హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. దాంతో పిత్తాశయం ముడుచుకుని, నిల్వ ఉంచిన పైత్యరసాన్ని పేగులోకి పంపుతుంది, క్లోమం తన ఎంజైములను పంపుతుంది. పైత్యరసంలో జీర్ణం చేసే ఎంజైములేవీ లేవు. అందులోని లవణాలు కొవ్వును అతి చిన్న బిందువులుగా విడదీసి, క్లోమరసానికి అందేలా చేస్తాయి. పని ముగిశాక వాటిలో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకుని, అదే ద్వారసిర గుండా కాలేయానికి వాపసు పంపుతుంది. ఒకే లవణం రోజుకు చాలాసార్లు ఇలా తిరుగుతుందంటే, శరీరానికి ఎంత పొదుపో చూడండి.

ఇక్కడే మన ముద్దలోని పదార్థాల దారులు వేరవుతాయి. అన్నం నుంచి వచ్చిన గ్లూకోజు, పప్పు నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు ద్వారసిరలోకి చేరతాయి. నెయ్యిలోని కొవ్వు చాలావరకు అటు వెళ్లదు. శోషరస నాళాల్లో ప్రయాణించి, మెడ మొదట్లో ఎడమవైపున్న పెద్ద సిరలో కలుస్తుంది.

కాలేయం గ్లూకోజులో కొంత భాగాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1850లలో ఈ పదార్థాన్ని కనుగొన్నాడు. రాత్రి భోజనానికీ ఉదయం ఫలహారానికీ మధ్య మెదడుకు చక్కెర అందుతోందంటే ప్రధానంగా ఆ నిల్వ వల్లనే. అమైనో ఆమ్లాల నుంచి ఆల్బుమిన్‌నూ, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన మాంసకృత్తులనూ కాలేయం తయారుచేస్తుంది. అమైనో ఆమ్లాల విచ్ఛిత్తిలో పుట్టే అమోనియాను యూరియాగా మార్చి, మూత్రంలో పోయే వీలు కల్పిస్తుంది.

మందులకూ ఇదే దారి. గుండె నొప్పి వచ్చినప్పుడు సార్బిట్రేట్ మాత్రను మింగకుండా నాలుక కింద పెట్టుకోమని చెప్పడానికి కారణం ఇదే: మింగితే ద్వారసిర గుండా కాలేయానికి చేరి, గుండెను చేరేలోపే చాలా భాగం విచ్ఛిన్నమవుతుంది, నాలుక కింద నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది.

కామెర్ల విషయంలో మన ప్రాంతంలో పసరు మందు మీద ఉన్న నమ్మకం గురించి ఒక మాట చెప్పక తప్పదు. కలుషిత నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఘనత పసరుకు దక్కుతుంది. పైత్యనాళానికి రాయో గడ్డో అడ్డుపడి వచ్చిన కామెర్లకు పసరు పోస్తూ కూర్చుంటే, చికిత్సకు పనికొచ్చే సమయం చేజారుతుంది. మలం సున్నం కలిపిన మట్టిలా పాలిపోయి, మూత్రం చిక్కగా పచ్చబడితే అలాంటి అడ్డు ఉందేమోనని అనుమానించాలి.

ఏళ్ల తరబడి మద్యం, కొవ్వు పేరుకోవడం, హెపటైటిస్ బి లేదా సి కాలేయాన్ని దెబ్బతీస్తూ ఉంటే, కణాల మధ్య మచ్చకణజాలం పెరిగి సిరోసిస్ వస్తుంది. వీటిలో హెపటైటిస్ బికి టీకా ఉంది; జన్యు పునస్సంయోజన పద్ధతిలో మన దేశంలో తొలిసారి దాన్ని తయారుచేసి 1997లో మార్కెట్లోకి తెచ్చింది హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. సిరోసిస్‌లో గట్టిపడిన కాలేయం గుండా ద్వారసిర రక్తం సులువుగా పారలేదు. వెనక ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, అన్నవాహిక గోడలోని సిరలు ఉబ్బి ఒక్కోసారి పగిలి రక్తపు వాంతులవుతాయి.

కొంత రక్తం కాలేయాన్ని తప్పించుకుని పక్కదారిన వెళ్లిపోవడం వల్ల, పేగులో పుట్టిన అమోనియా శుద్ధి కాకుండానే మెదడును చేరుతుంది. రోగి పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. అలాంటి రోగికి డాక్టరు లాక్టులోజ్ సిరప్ రాస్తే, మతి తప్పిన మనిషికి విరేచనాల మందు ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ సిరప్ పెద్దపేగులో ఆమ్లతను పెంచి, అమోనియాను రక్తంలోకి వెళ్లనివ్వకుండా అక్కడే పట్టి మలంతో బయటికి పంపుతుంది. అందుకే రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనమయ్యేలా మోతాదును సరిచూసుకోమంటారు.