క్రెడిట్ స్ప్రెడ్: అమ్మేముందే నష్టం లెక్క

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌ను దాటుకుని ఇంతమంది వచ్చారంటే, మొన్నటి మంగళవారం ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ల గడువు ముగిసిన రోజు, చాలామందికి కలిసిరాలేదని అర్థమవుతోంది.

నేను ట్రేడింగ్ గురువును కాను, ఆడిటర్‌ని. ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్ల రిటర్నులు వేస్తుంటాను. నిఫ్టీ లాంటి షేర్ల సూచీల మీద ఆప్షన్లు అమ్మేవారి స్టేట్‌మెంట్లలో ఒక పోలిక కనిపిస్తుంది. లాభం వచ్చిన వారాలే ఎక్కువ. ఏడాది మొత్తం కూడితే మాత్రం నష్టం. ఇది ఎలా సాధ్యమో, ఒక ఆప్షన్ అమ్మి రక్షణగా చవకైన మరొకటి కొనే క్రెడిట్ స్ప్రెడ్ అంకెలతోనే చూద్దాం.

నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకోండి. ఈ వారం 24,700 కిందికి పోదని మీ అంచనా. పుట్ అంటే, సూచీ ఒక స్థాయి కిందికి పడితే ఆ తేడాను అమ్మినవాడు కొన్నవాడికి కట్టే కాంట్రాక్టు. ఆ స్థాయే స్ట్రైక్, అమ్మినందుకు ముందే వచ్చే ధర ప్రీమియం. 24,700 స్ట్రైక్ పుట్‌ను 60 రూపాయలకు అమ్మి, రక్షణగా 24,500 పుట్‌ను 25 రూపాయలకు కొన్నారు. చేతిలో మిగిలింది 35. దీన్నే బుల్ పుట్ స్ప్రెడ్ అంటారు. మార్కెట్ పైకి పోదనుకున్నప్పుడు, సూచీ పెరిగితే కట్టాల్సిన కాల్స్‌తో ఇదే పని చేస్తే బేర్ కాల్ స్ప్రెడ్. దిశ మారుతుందే తప్ప లెక్క మారదు.

ఒక కాంట్రాక్టులో ఎన్ని యూనిట్లుండాలో చెప్పే లాట్ సైజును ఎక్స్ఛేంజీ అప్పుడప్పుడు మారుస్తుంటుంది. మనం 75 అనుకుందాం. వస్తే 2,625 రూపాయలు వస్తాయి. రెండు స్ట్రైకుల మధ్య దూరం 200, అందులో 35 ముందే చేతికొచ్చింది కాబట్టి పోతే 165 చొప్పున 12,375 పోతాయి.

"వందలో ఎనభై సార్లు గెలుస్తున్నాను సార్" అని నాతో గర్వంగా చెప్పేవారున్నారు. సరే, గుణించండి. ఎనభై గెలుపులకు 35 చొప్పున 2,800. ఇరవై పూర్తి ఓటములకు 165 చొప్పున 3,300. ఎనభై సార్లు గెలిచీ 500 నష్టం! ఈ ధరకు అమ్మితే అసలు నిలవడానికే వందలో 83 సార్లు గెలవాలి. 24,700 దాకా పడే అవకాశం తక్కువని కొనేవాడికీ తెలుసు, అందుకే ఆ పుట్ అంత చవక. తరచుగా గెలవడం మన తెలివి వల్ల కాదు, ఆ ధరలోనే ఉంది.

మరి అమ్మేవాడికి ఏమీ మిగలదా? కొంత మిగులుతుంది. ప్రీమియంలో కనిపించే భయం కంటే సూచీ అసలు కదలిక సగటున కాస్త తక్కువగా ఉంటుంది. ఆ తేడాయే అమ్మేవాడి కూలి. ఆ కూలిని ఖర్చులు ఎలా కొరుకుతాయో చూడండి. స్ప్రెడ్ వేసి తీయడానికి నాలుగు ఆర్డర్లు. ఆర్డరుకు 20 చొప్పున 80 రూపాయలు, పైన జీఎస్టీ, ఎస్‌టీటీ అనే లావాదేవీల పన్ను, ఎక్స్ఛేంజీ చార్జీలు. అవి కాగితం మీద కనిపిస్తాయి. కనిపించనిది వేరే ఉంది: ఒక్కో ఆర్డరులో ధర రూపాయి జారినా లాటుకు 300 పోతుంది. మొత్తం రాబడిలో అది పది శాతం పైనే.

ఇక స్ప్రెడ్ ఎందుకు వేయాలో చెప్పడానికి 2024 జూన్ మొదటి వారాన్ని మించినది నాకు దొరకలేదు. 3వ తేదీ సోమవారం, ఎగ్జిట్ పోల్స్ ఉత్సాహంలో నిఫ్టీ 23,263.90 దగ్గర ముగిసింది. మర్నాడు ఓట్ల లెక్కింపు. ఒక దశలో 21,281 దాకా పడి, చివరికి 21,884.50 దగ్గర నిలిచింది. ఒక్క రోజులో 1,379 పాయింట్లు! సోమవారం 22,800 పుట్‌ను రక్షణ లేకుండా అమ్మిన మనిషిని ఊహించుకోండి. మంగళవారం అట్టడుగున ఆ పుట్ అసలు విలువే 1,500 దాటింది. అదనపు మార్జిన్, అంటే బ్రోకరు దగ్గర హామీగా ఉంచే డబ్బు, కట్టలేకపోతే అక్కడే పొజిషన్ మూతపడుతుంది. అదే మనిషి 22,600 పుట్ కొనిపెట్టుకుని ఉంటే, సూచీ ఎంత పడినా ఎక్స్‌పైరీ నాటికి నష్టం 200 దాటదు.

అప్పట్లో ఎక్స్‌పైరీ గురువారం. 6వ తేదీన నిఫ్టీ 22,821.40 దగ్గర ముగిసింది. 22,800 పుట్ సున్నా అయింది. రక్షణ కొన్నా కొనకపోయినా అంచనా నిజమే, కానీ గురువారం దాకా నిలబడే వీలు రక్షణ కొన్నవాడికే ఉంది. 21 పాయింట్ల తేడాతో బయటపడటం అదృష్టమని కూడా ఒప్పుకుందాం. ఆ అదృష్టం మీద పద్ధతి కట్టుకోకండి.

ఇంత తెలిసినా కొందరు ఏం చేస్తారంటే, సోమవారం మార్కెట్ అనుకూలంగా ఉండగానే కొన్న పుట్ కరిగిపోతోందని బెంగపడి, దాన్ని అమ్మేసి నాలుగు రూపాయలు రాబట్టుకుంటారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం, వీళ్లు నడి ఏట్లోనే తగలేస్తారు. మార్జిన్ కూడా ఆ క్షణమే పెరిగిపోతుంది. వేసేటప్పుడు ముందు రక్షణ కొనండి, తరువాత అమ్మండి. తీసేటప్పుడు ముందు అమ్మినదాన్ని తిరిగి కొనండి, రక్షణను చివర వదలండి.

ఎన్ని లాట్లు వేయాలన్న దగ్గరే అసలు ప్రమాదం. స్ప్రెడ్‌కు మార్జిన్ తక్కువ కాబట్టి ఖాతాలో ఎన్నింటికి డబ్బు సరిపోతే అన్నీ వేస్తారు. మార్జిన్‌ను మరిచిపోయి పూర్తి నష్టంతో లెక్కించండి. అయిదు లక్షల ఖాతాలో ఒక లాటు ఓడిపోతే రెండున్నర శాతం, పది లాట్లు ఓడిపోతే నాలుగో వంతు. నిఫ్టీలో ఒకటి, సెన్సెక్స్‌లో ఒకటి వేసి రిస్కు పంచుకున్నానని మురిసిపోకండి. పెద్ద కంపెనీలు రెండింటిలోనూ అవే, పడితే రెండూ ఒకేసారి పడతాయి.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 అక్టోబరులో నిబంధనలు బిగించింది. కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలంది, వారపు ఎక్స్‌పైరీలను ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీకే పరిమితం చేసింది, ఎక్స్‌పైరీ రోజున అమ్మినవారి మీద 2 శాతం అదనపు మార్జిన్ వేసింది. నా వరకు ఇది మంచిదే. మూడేళ్లలో చిన్న ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే చెప్పింది.

చివరగా నా వృత్తి సంగతి. ఇది వ్యాపార ఆదాయం, ఐటీఆర్-3 అనే రిటర్ను ఫారంలో చూపాలి. నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు. గడువులోపు రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చు. నష్టమే కదా అని దాచేసేవారు ఆ అవకాశాన్నీ పోగొట్టుకుంటున్నారు.

ఇక ప్రశ్నలు అడగండి. వచ్చే మంగళవారానికి ఏ స్ట్రైక్ అమ్మాలో మాత్రం అడగవద్దు. అది చెప్పాలంటే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, నాకు లేదు.