వెనక్కి తిరిగి చూస్తే బండి ఊగుతోందా?

హోస్ట్: అక్కా, సూటిగా అడిగేస్తాను. మా శ్రీకాకుళం జిమ్‌లో అందరి గొప్పా ఒకటే, వంగి కాలివేళ్లు అందుకోవడం. అందితే వెన్ను బాగున్నట్టేనా?

ఫిజియో: కాదు తమ్ముడూ. అందులో చాలా పని తుంటిది, తొడ వెనక కండరాలది. అవి సాగితే వెన్ను బిగుసుకుపోయినా వేళ్లు అందేస్తాయి. వెన్ను సంగతే తేలాలంటే మేం టేపు తీస్తాం. నడుము దగ్గర 15 సెంటీమీటర్లకి గుర్తులు పెట్టి వంగమంటాం. ఆ దూరం మామూలుగా 5 సెంటీమీటర్ల పైనే పెరగాలి.

హోస్ట్: వంగితే పాసేనా?

ఫిజియో: తిరగడం ఎవరూ చూడరు! మెడలో 7, వీపులో 12, నడుములో 5, కదిలే పూసలు 24. నడుము బాగా వంగుతుంది గానీ పెద్దగా తిరగలేదు. ఆ పని వీపుది, మెడది. గంటల తరబడి ఫోన్ మీద వంగి కూర్చుంటే బిగుసుకునేది అక్కడే. బండి మీద వెనక్కి చూడమంటే భుజం తిరగదు, హ్యాండిల్ తిరుగుతుంది.

హోస్ట్: (నవ్వు) డే అండ్ నైట్ జంక్షన్‌లో రోజూ చూస్తున్నాం. మరి బ్యాలెన్స్ చెవిలో ఉంటుందంటారు కదా?

ఫిజియో: చెవిలో కొంత, కంట్లో కొంత, పాదాలు, కీళ్లు పంపే కబురు కొంత. కబురు అందాక సర్దుకోవాల్సింది ఒళ్లే కదా. వెన్ను కర్రలా ఉంటే ఆ భారమంతా చీలమండల మీద, తుంటి మీద పడుతుంది. లే, ఆ గోడ పక్కన నిలబడు. చెయ్యి భుజం ఎత్తున చాపి ముందుకి అందుకో. అడుగు కదపకూడదు.

హోస్ట్: ఇంతే... ఆఁ, పడిపోతున్నా!

ఫిజియో: 31 సెంటీమీటర్లు, పర్లేదు. పమేలా డంకన్ బృందం 1990లో తెచ్చిన పరీక్ష ఇది. పెద్ద వయసువాళ్లకి 15 లోపే వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని లెక్క. ఇందాక నీ భుజం తిరిగింది, తుంటి వెనక్కి పోయింది, బొటనవేళ్లు నేలని గట్టిగా పట్టాయి. వెన్ను, బలం, బ్యాలెన్స్ విడివిడిగా పనిచెయ్యలేదు.

హోస్ట్: అయితే వెన్ను సాగదీస్తే బ్యాలెన్స్ వచ్చేస్తుందన్నమాట.

ఫిజియో: అంత తొందరొద్దు. పాతికేళ్లవాడికి వెన్ను కాస్త బిగుసుకున్నా కాళ్ల బలం కప్పేస్తుంది. బలం తగ్గే వయసులో లోటు బయటపడుతుంది. రెండూ కలిసి తగ్గాయని ఒకదానివల్లే రెండోది అనలేం. మన తప్పెటగుళ్లవాళ్లని చూడు. రొమ్ముకి తప్పెట కట్టుకుని వంగుతారు, గెంతుతారు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడతారు. అక్కడ వెన్నుకి వేరే క్లాసు ఉండదు.

హోస్ట్: మా అమ్మ ఉబాల్లో, అదే వరినాట్లలో, రోజంతా వంగే ఉంటుంది. నాకెందుకురా ఎక్సర్‌సైజు అంటుంది.

ఫిజియో: వంగడం ఒకవైపే కదా, వెనక్కి వాలడం ఏదీ? గట్టు మీద కూర్చున్నప్పుడు చేతులు గుండెల మీద కట్టుకుని, తుంటి కదపకుండా అటూ ఇటూ తిరగమను. సాయంత్రం గోడ పట్టుకునే దూరంలో ఒంటికాలి మీద కాసేపు నిలబడమను.

హోస్ట్: ఒంటికాలి మీదా? తిడుతుందక్కా.

ఫిజియో: తిట్టనీ, నువ్వూ పక్కన నిలబడు. ఎముకలు గుల్లబారాయని డాక్టర్ ఎప్పుడైనా చెప్పినా, కాలిలోకి తిమ్మిరి దిగుతున్నా మాత్రం ముందు చూపించి, తర్వాతే మొదలుపెట్టండి.