నాది, నీది, మాది: ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలి?

తెర మీద: దిస్ ఈజ్ మై పెన్. దిస్ పెన్ ఈజ్ మైన్.

గొంతు: ఈ రెండు వాక్యాలూ తెలుగులో అనుకోండి. ఇది నా పెన్ను. ఈ పెన్ను నాది. 'నా' అని ఆపేస్తే ఎదుటివాళ్లు 'నీ... ఏంటి?' అంటారు. 'నాది' అంటే ఇంకేమీ అడగరు, మాట పూర్తయింది కాబట్టి. మై, మైన్ తేడా కూడా అంతే. మై పక్కన వస్తువు పేరు ఉండి తీరాలి. మైన్ పక్కన ఉండకూడదు. 'దిస్ ఈజ్ మైన్ పెన్' తప్పయ్యేది ఇందుకే.

తెర మీద, జతలుగా: మై–మైన్, యువర్–యువర్స్, హర్–హర్స్, అవర్–అవర్స్, దెయిర్–దెయిర్స్.

గొంతు: హిజ్ రెండు చోట్లా హిజే. ఇట్స్‌ని ఒంటరిగా దాదాపు వాడరు. 'దాని రంగు' అంటే ఇట్స్ కలర్, సరే. కానీ 'ఇది దానిది' అనడానికి 'దిస్ ఈజ్ ఇట్స్' అనకండి.

తెలుగులో పుస్తకం నాది, పుస్తకాలు నావి. ఇంగ్లీష్‌లో ఆ మార్పు లేదు. ది బుక్ ఈజ్ మైన్, ది బుక్స్ ఆర్ మైన్. మారింది ఈజ్, ఆర్ మాత్రమే. బహువచనం కదా అని 'మైన్స్' అన్నారో, అవి గనులు!

ఇక్కడిదాకా తెలుగు మనకి సాయం చేసింది. ఇక ఇబ్బంది పెట్టే చోట్లు చూద్దాం.

తెర మీద: మా అమ్మ. మా ఆయన. మా ఆవిడ.

గొంతు: మాట్లాడేది ఒక్కరే అయినా ఇంటివాళ్ల గురించి 'మా' అంటాం. అదే అలవాటుతో 'అవర్ మదర్' అంటే, అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో పక్కనున్నట్టు అర్థమవుతుంది. 'అవర్ వైఫ్' అన్నారంటే ఇక చెప్పక్కర్లేదు. అక్కడ మై మదర్, మై హజ్బెండ్, మై వైఫ్ అనాలి. 'మా ఇల్లు' మాత్రం రెండు విధాలా చెల్లుతుంది: మై హౌస్, అవర్ హౌస్. ఇక మా, మన అనే తేడా ఇంగ్లీష్‌లో లేనే లేదు. రెండింటికీ అవరే.

తెర మీద: ఆమె తన అన్నకి ఫోన్ చేసింది.

గొంతు: 'తన'కి ఆడ, మగ తేడా లేదు. ఇంగ్లీష్‌లో హిజ్, హర్ అని ఎంచుకోక తప్పదు. చాలామంది ఇక్కడ అన్నని చూసి, మగవాడు కదా అని హిజ్ అనేస్తారు. చూడాల్సింది అన్నని కాదు, ఆ అన్న ఎవరికి అన్నో ఆ మనిషిని. షీ కాల్డ్ హర్ బ్రదర్. హిజ్ బ్రదర్ అంటే ఆమె వేరెవరి అన్నకో ఫోన్ చేసినట్టు.

'చేతులు కడుక్కున్నాను.' ఎవరి చేతులో తెలుగులో చెప్పం, 'కున్నాను'లోనే ఉంది. ఇంగ్లీష్‌లో చెప్పాలి: ఐ వాష్డ్ మై హ్యాండ్స్. 'ఐ బ్రష్డ్ టీత్' అన్నా ఇదే లోపం, మై జారిపోయింది.

నా స్నేహితుల్లో ఒకరు అనడానికి 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్'. 'ఆఫ్ మీ' కాదు, 'ఆఫ్ మై' అసలే కాదు.

ఇక రాసేటప్పుడు వచ్చే తప్పు, అపాస్ట్రఫీ. అంటే అక్షరం పక్కన, పైన కామాలా పెట్టే గుర్తు. పేరుకి అది కావాలి: రవి రాసి, అపాస్ట్రఫీ పెట్టి, ఎస్ రాస్తే 'రవిది'. ఆ అలవాటు మీద యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్‌లో కూడా ఎస్ ముందు పెట్టేస్తుంటారు. ఈ నాలుగింటికీ అక్కర్లేదు, 'రవిది'లోని 'ది' అనే అర్థం ఆ మాటలోనే ఉంది. 'దాని' అనే ఇట్స్‌కీ వద్దు. ఇట్ ఈజ్‌ని కుదించి రాసిన ఇట్స్‌కే కావాలి. అనుమానం వస్తే అక్కడ ఇట్ ఈజ్ అని విడదీసి చదవండి. కుక్క తోక ఊపింది అనడానికి 'ది డాగ్ వ్యాగ్డ్ ఇట్స్ టెయిల్' అంటాం. విడదీస్తే 'ది డాగ్ వ్యాగ్డ్ ఇట్ ఈజ్ టెయిల్' అని వచ్చి అర్థం చెడింది, అంటే అపాస్ట్రఫీ వద్దు.

తెర మీద: హూజ్ పెన్ ఈజ్ దిస్? ఇట్స్ మైన్.

గొంతు: వీడియో ఆపి రెండూ కాగితం మీద రాయండి. ఐదు సెకన్లు.

'ఎవరి' అనే హూజ్ స్పెల్లింగ్ డబ్ల్యూ, హెచ్, ఓ, ఎస్, ఇ. అపాస్ట్రఫీ లేదు. జవాబులోని ఇట్స్‌కి మాత్రం పెట్టాలి, ఎందుకంటే అది 'ఇట్ ఈజ్ మైన్'.