పిలిచేదాకా పైకి రావద్దన్నారు! వాంగనూయి నదిలో మా ఫీల్డ్ ట్రిప్ | న్యూజిలాండ్ తెలుగు వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ మట్టిరంగు నీళ్ళు చూసి గోదారి అనుకునేరు, కాదు. ఇది న్యూజిలాండ్ ఉత్తర దీవిలో ఉన్న వాంగనూయి నది. పొడవు 290 కిలోమీటర్లు, ఈ దేశంలో మూడో పొడవైన నది. మా మాస్టర్స్‌లో పర్యావరణ ప్రణాళిక మీద ఒక సబ్జెక్టు ఉంది. దాని ఫీల్డ్ ట్రిప్ బస్సులో కాదు, కనూలో, అంటే తెడ్లేసుకుంటూ వెళ్ళే చిన్న పడవలో. నోటీసులో "అడ్వెంచర్ ప్లస్ మావోరీ సంస్కృతి" అని రాశారు. మావోరీలంటే ఈ దేశపు మూలవాసులు. ప్యాకేజీ టూర్ ప్రకటనలా ఉందని మేమంతా నవ్వుకున్నాం.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. మాది కొవ్వూరు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి మా అమ్మకు పడవ మాటెత్తితేనే టెన్షన్. "ఏమ్మా, చదువుకోమని పంపిస్తే తెడ్లు వేయిస్తున్నారా?" అంది. లైఫ్ జాకెట్ వేసుకుని ఫొటో పంపించాకే ఫోన్ పెట్టింది.

మేం బయల్దేరింది వాకహోరో అనే చోటు నుంచి. అక్కణ్ణించి కింద పిపిరికి దాకా దాదాపు 87 కిలోమీటర్లు, మామూలుగా మూడు రోజులు పడుతుంది. న్యూజిలాండ్‌లో "గ్రేట్ వాక్స్" అని పేరున్న నడక దారులు కొన్ని ఉన్నాయి, ప్రభుత్వ పరిరక్షణ శాఖ చూసుకుంటుంది. ఆ జాబితాలో ఈ నది కూడా ఉంది. నడకే లేని వాక్ అన్నమాట! ఒక్కో కనూకి ఇద్దరు. బట్టలు, బియ్యం, స్లీపింగ్ బ్యాగ్ అన్నీ మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పెట్టి తాళ్ళతో పడవకి కట్టేస్తారు. అడుగు కోసేసిన పాల క్యాను ఒకటి దారానికి వేలాడుతుంటుంది, చూశారా? పడవలోకి వచ్చిన నీళ్ళు తోడేది దాంతోనే. దాన్ని చూసి నవ్విన మా మలేసియా ఫ్రెండే తర్వాత రోజంతా దాన్ని చేతిలోంచి వదల్లేదు.

రెండు పక్కలా నిలువుగా మెత్తటి బూడిదరంగు రాతి గోడలు. వాటినిండా ఫెర్న్ మొక్కలు, వాటి మీంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు. ఇక్కడ కొంచెం జూమ్ చేస్తాను. నీటి మట్టానికి కాస్త పైన రాతిలో గుండ్రటి గుంటలు కనిపిస్తున్నాయా? బొటనవేలు దూరేంత కొన్ని, పిడికిలి దూరేంత కొన్ని. మావోరీలు ఎదురు ప్రవాహంలో పడవ ఎక్కించడానికి గెడ కర్రలు ఇక్కడే గుచ్చి నెట్టేవారట. తరతరాలుగా ఒకే చోట గుచ్చీ గుచ్చీ రాయి అరిగిపోయింది. మా లెక్చరర్ పడవ ఆపించి ఒక్కొక్కరితో వాటిలో వేలు పెట్టించారు. స్లైడ్లు వేసి గంట చెప్పినా అంత ఎక్కేది కాదు.

ఇక అసలు పాఠం. 2017 మార్చిలో ఈ దేశ పార్లమెంటు "తే అవా తుపువా" చట్టం చేసింది. దాని ప్రకారం కొండ మీద పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా ఈ నది ఒక వ్యక్తి. హక్కులుంటాయి, బాధ్యతలుంటాయి. నది తరఫున మాట్లాడేందుకు ఇద్దరుంటారు, ఒకరిని ప్రభుత్వం, ఒకరిని నదీతీర మావోరీ తెగలు ఎంపిక చేస్తాయి. అదే నెలలో మన ఉత్తరాఖండ్ హైకోర్టు కూడా గంగా యమునలకు ఇలాంటి హోదా ఇచ్చింది. జులైకల్లా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

తేడా ఎక్కడుందో మాకు నది మీదే అర్థమైంది. ఇక్కడ చట్టం ఒక్క తీర్పుతో ఊడిపడలేదు. 1870ల నుంచే వాంగనూయి తెగల వాళ్ళు అర్జీలు పెడుతూ వచ్చారు. 1890లలో స్టీమర్లు తిరగాలని నది అడుగు బాగు చేసినప్పుడు, ఈల్ చేపలు పట్టుకోవడానికి మావోరీలు కట్టుకున్న అడ్డుకట్టల్ని పీకేశారు. 1970లలో జలవిద్యుత్ కోసం ఎగువ పాయల నీళ్ళు మళ్ళించారు. కోర్టులు, కమిషన్లు అన్నీ తిరిగి తిరిగి సంపాదించుకున్న చట్టమిది. "నేనే నది, నదే నేను" అని వాళ్ళ సామెత ఒకటుంది. ఆఫీసు గోడల మీద రాసుంటే కవిత్వం అనుకుంటాం. ఈ చరిత్ర విన్నాక అది ఆస్తి దావాలో వాదనలా వినిపించింది నాకు.

దారిలో మంగపురువా దగ్గర దిగి అడవిలోకి ఓ నలభై నిమిషాలు నడిస్తే "ఎక్కడికీ పోని వంతెన" వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. అడవి నరికారు, కొండలు జారాయి, రోడ్లు నిలవలేదు. 1936లో కాంక్రీటు వంతెన పూర్తయ్యేనాటికే చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. 1942కల్లా లోయ ఖాళీ. వంతెన మాత్రం నున్నగా, నిన్న కట్టినట్టుంది. సెల్ఫీలకి బాగుంటుంది, అంతే.

ఇప్పుడు టియెకె కాయింగా. స్క్రీన్ మీద మీకు మట్టి మెట్లు మాత్రమే కనిపిస్తాయి. స్వాగతం జరిగేటప్పుడు కెమెరా ఆపేశాను, అందుకే ఈ భాగంలో నా మాటలే వినాలి. టియెకె ఒకప్పటి మావోరీ గ్రామం. తర్వాత నేషనల్ పార్కులో ట్రెక్కర్ల గుడిసె అయింది. 1990లలో ఆ నేల మాదేనంటూ స్థానిక కుటుంబాలు తిరిగొచ్చి కూర్చున్నాయి. ఇప్పుడది గుడిసే, మరాయే కూడా. మరాయె అంటే వాళ్ళ సభా ప్రాంగణం. బుకింగ్ చేతిలో ఉన్నా సరే, ఊరివాళ్ళు ఉన్నప్పుడు పిలుపు వచ్చేదాకా కిందే ఆగాలి. తడిబట్టలతో వణుకుతూ నిలబడ్డాం.

పైనుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలిచింది. పాటా కాదు, కేకా కాదు. మా వైపు నుంచి ఒక మావోరీ క్లాస్‌మేట్ బదులు పలికింది. ఆడవాళ్ళం ముందు, మగవాళ్ళు వెనక, మెల్లగా ఎక్కాం. వాళ్ళ ప్రసంగం అయ్యాక మా లెక్చరర్ మాట్లాడారు. ప్రసంగం వెంట పాట ఉండాలి, అది అతిథులే పాడాలి. అందరూ నావైపు చూశారు, నాకేమో సంగీతం రాదు! మా తాతయ్య పాడే గోదారి పడవ పాట "హైలెస్సా" అంటూ అందుకున్నాను. రెండో చరణానికి ఊరివాళ్ళే "హైలెస్సా" కలిపారు. తర్వాత వరుసగా ముక్కూ నుదురూ ఆనించి ఊపిరి పంచుకున్నాం, దాన్ని హోంగీ అంటారు. వెంటనే టీ, బిస్కెట్లు. ఆహారం ముట్టాక గానీ ఆ లాంఛనం ముగిసినట్టు కాదు.

అక్కడ బల్ల మీద కూర్చోకూడదు, దిండు మీద అసలే కూర్చోకూడదు. తల పవిత్రమైనది కాబట్టి తల పెట్టే చోట కూర్చోరు. దిండు మీద కూర్చుంటే సెగగడ్డలొస్తాయని మా అమ్మమ్మ భయపెట్టేది, దాంతో నాకీ రూల్ కొత్తగా అనిపించలేదు. మందు నిషేధం. రాత్రి నేను కలిపిన పులిహోర, వాళ్ళు వండిన బంగాళాదుంపలు, ఒకే బల్ల మీద. తిన్నాక గిన్నెలు మేమే కడిగాం.

రొటొరువా అనే ఊళ్ళో టికెట్ కొని చూసిన మావోరీ షో కూడా నాకు నచ్చింది. దాన్ని తక్కువ చేయను, అక్కడి వాళ్ళకు అతిథుల్ని తిప్పి చూపించడం తాతల నాటి జీవనోపాధి. కానీ అక్కడ మనకు చప్పట్లు కొట్టడం తప్ప పనిలేదు. టియెకెలో మనమూ బదులు చెప్పాలి, పాడాలి, గిన్నెలు తోమాలి. ఆ రాత్రి పడుకుని పాపికొండల ట్రిప్పులు గుర్తు చేసుకున్నాను. పేరంటాలపల్లిలో బోటు ఆగుతుంది. మునివాటం అనే ఆశ్రమం చూస్తాం, కొండరెడ్ల దగ్గర వెదురు పూలు బేరమాడి కొంటాం, హారన్ కొట్టగానే ఎక్కేస్తాం. రమ్మని వాళ్ళు పిలిచారా, ఎవరి అనుమతితో దిగాం అన్న ఊసే ఆ ప్యాకేజీలో ఉండదు. పోలవరం ముంపుతో ఆ ఊళ్ళే కదిలిపోతున్న ఈ రోజుల్లో కూడా గోదారమ్మకు హారతి ఇస్తాం గానీ ఒడ్డున ఉన్నవాళ్ళ ఊసు మనకు పట్టదు. కోపంగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి.

ఆఖరి రోజు ర్యాపిడ్స్, అంటే నీళ్ళు ఉరకలేసే చోట్లు. ఒకదాన్ని అందరూ "ఫిఫ్టీ ఫిఫ్టీ" అనే పిలుస్తారు. దాటితే దాటినట్టు, లేకపోతే మునక. మేం మునక బ్యాచ్. ఈ వీడియో వెనక పడవ వాళ్ళు తీశారు, నా అరుపులకి క్షమించాలి. పడవ తిరగబడ్డా డ్రమ్ములు తాళ్ళకే ఉన్నాయి, గోంగూర సీసా సేఫ్. పాల క్యానుతో నీళ్ళు తోడుతూనే పిపిరికి చేరాం.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: సీజన్ అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా, గుడిసెలు ముందే బుక్ చేసుకోవాలి. నది పెరిగితే ట్రిప్ ఆపేస్తారు, ఆపనివ్వండి. టియెకెలో కొంత డబ్బు కానుకగా ఇవ్వడం ఆనవాయితీ, కోహా అంటారు.

పిపిరికి నుంచి వ్యాన్‌లో నది పక్క రోడ్డు పట్టుకుని వాంగనూయి పట్నానికి వచ్చాం. దారిలో ఊళ్ళకి 19వ శతాబ్దంలో ఒక మిషనరీ పెట్టిన పేర్లు మావోరీ ఉచ్చారణలో ఇంకా ఉన్నాయి: హిరుహారమ అంటే జెరూసలేం, రానన అంటే లండన్, కొరినిటి అంటే కొరింథు, ఆతెనె అంటే ఏథెన్స్. ఒక్క మధ్యాహ్నంలో నాలుగూ దాటేశాం. ఆ రోడ్డు వీడియో ఎడిటింగ్‌లో ఉంది, వచ్చే వారం పెడతాను. ఉంటానండీ, బై!